పిల్లికి వెంట్రుకలు ఊడి పక్కులు కడుతుంటే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. తిరుపతి కొర్లగుంటలోని మీ ఇంట్లో ఎనిమిది నెలల పిల్లి ఉంది. నెల రోజులుగా దాని నుదుటి మీద, కుడి చెవి దగ్గర రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడిపోయాయి. నడుం మీద చేతికి గరుకుగా తగిలే చిన్న చిన్న పక్కులు కూడా ఉన్నాయి. కర్పూరం కలిపిన కొబ్బరినూనె కొన్నాళ్ళు, వేపాకు పసుపు ముద్ద కొన్నాళ్ళు రాశారు. పక్కింటివారు తమ కుక్క కోసం తెచ్చుకున్న పురుగుల మందు చల్లమంటున్నారు. వారం కిందట మీ ఆరేళ్ళ బాబు ముంజేతి మీద కూడా గుండ్రని ఎర్రటి మచ్చ కనిపించింది. ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలా, ఇంకొక వారం చూడవచ్చా అన్నది మీ సందేహం.

వారం చూడవద్దు, రేపో ఎల్లుండో తీసుకెళ్ళండి. పిల్లి ప్రాణానికి ప్రమాదం ఉందని కాదు, బాబు చేతి మీద మచ్చ వచ్చింది కాబట్టి ఈ తొందర. అప్పటిదాకా పిల్లి ఒంటి మీద ఏమీ పూయకండి. పక్కింటివారి కుక్క మందును దాని దరిదాపులకు కూడా రానివ్వకండి. చిత్తూరు జిల్లాలోనూ, ఇప్పుడు తిరుపతి జిల్లా అయిన ప్రాంతంలోనూ పశువైద్యుడిగా ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి నేను. చర్మవ్యాధితో నా దగ్గరికి వచ్చి చనిపోయిన పిల్లులు బహు కొద్ది. చర్మవ్యాధికని ఇంట్లో పూసిన మందుతో ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లులను మాత్రం చాలా చూశాను. అందుకే రోగాల కంటే ముందు ఈ పూతల సంగతి చెబుతాను.

పిల్లికి పై పూత అన్నది లేదు. మీరు దాని చర్మం మీద ఏది రాసినా, పది నిమిషాల్లో అది నాలుక ద్వారా కడుపులోకి వెళుతుంది. మన కాలేయం, కుక్క కాలేయం అనేక రసాయనాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి, నీటిలో కరిగేలా మార్చి, మూత్రంలో బయటకు పంపేస్తాయి. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైములు చాలా తక్కువ. కాబట్టి మనకు ఏమీ చేయని పదార్థం దానికి విషమవుతుంది. కర్పూరం అటువంటిదే. కిరోసిన్, టర్పెంటైన్, నల్ల ఫినాయిల్, నీటిలో కలిపితే తెల్లగా మారే యాంటీసెప్టిక్ ద్రావణాలు, టీ ట్రీ నూనె కూడా అటువంటివే. వేపనూనె సహజమైనది కదా అని ధారాళంగా రాస్తారు కానీ, దాన్ని నాకిన పిల్లులు సొంగ కార్చుకుంటూ వణికిన సందర్భాలు ఉన్నాయి. కుక్కల కోసం తయారుచేసే పురుగుల మందుల్లో చాలావాటిలో ఉండే పర్మెత్రిన్ వీటన్నిటిలోకీ ప్రమాదకరం. దాన్ని వేసిన కొద్ది గంటల్లోనే పిల్లికి చెవులు, ముఖం అదురుతాయి, తర్వాత ఒళ్ళంతా వణుకు పట్టి మూర్ఛలు వస్తాయి, వైద్యం అందకపోతే చనిపోతుంది. ఒకవేళ ఎవరైనా ఇప్పటికే చల్లి ఉంటే, పిల్లి తెలివిగా ఉన్నంతవరకు గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో ఒళ్ళంతా కడిగి, తువ్వాలులో చుట్టి, ఆ మందు డబ్బాను కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అప్పటికే వణుకుతుంటే కడగడానికి ఆగవద్దు. మరొక మాట. ఒళ్ళు వేడిగా ఉందని పారాసెటమాల్ మాత్ర ఇచ్చేవారు ఉంటారు. ఒక్క మాత్ర చాలు పిల్లిని చంపడానికి.

పసుపు విషయంలో ఇబ్బంది వేరు. అది విషం కాదు కానీ, రోగ నిర్ధారణకు అడ్డుపడుతుంది. తామరను గుర్తించడానికి డాక్టర్లు వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత కాంతి దీపాన్ని వాడతారు. చీకటి గదిలో ఆ వెలుగు పడినప్పుడు తామర శిలీంధ్రం పట్టిన వెంట్రుకలు లేత ఆకుపచ్చగా మెరుస్తాయి. పసుపు కూడా అదే దీపం కింద పచ్చగా మెరుస్తుంది. కొన్ని ఆయింట్‌మెంట్లదీ అదే తీరు. మీరు పసుపు ముద్ద రాసి తీసుకెళితే చూసే డాక్టరుకు ఏది రోగమో, ఏది పసుపో తేలదు.

ఇక మీ పిల్లి సంగతి. ఉత్తరం చదివి రోగం తేల్చడం సరైన పద్ధతి కాదు కానీ, మీరు రాసిన లక్షణాలను బట్టి ఒకటి కాదు, రెండు రోగాలు ఒకేసారి ఉండవచ్చని నా అనుమానం. నుదుటి మీద, చెవి దగ్గర గుండ్రంగా వెంట్రుకలు ఊడటం తామరను సూచిస్తుంది. నడుం మీద పక్కులు ఫ్లీ పురుగుల వల్ల, అంటే ఒంటి మీద రక్తం తాగుతూ ఎగిరి దూకే చిన్న పురుగుల వల్ల వచ్చే అలర్జీని సూచిస్తాయి. ఒకదానికి మందు వేసి రెండోదాన్ని వదిలేస్తే, మందు పనిచేయలేదని మీరు అనుకుంటారు.

పిల్లుల్లో తామరకు ఎక్కువగా కారణమయ్యేది మైక్రోస్పోరమ్ కేనిస్ అనే శిలీంధ్రం. పేరులో కుక్క ఉన్నా దీని అసలు ఇల్లు పిల్లే. ఏడాదిలోపు పిల్లి కూనలకు, పర్షియన్ వంటి పొడవాటి వెంట్రుకల జాతులకు ఇది త్వరగా పట్టుకుంటుంది. వెంట్రుక మొదలులోకి చొరబడి దాన్ని పెళుసుగా మార్చడం వల్ల వెంట్రుక విరిగి, ఆ మేర చర్మం బూడిద రంగు పొట్టుతో కనిపిస్తుంది. దురద ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. పైకి ఏ మచ్చా లేకుండా ఒంటి నిండా శిలీంధ్ర బీజాలను మోసే పిల్లులు ఉంటాయి కాబట్టి, ఇంట్లో రెండో పిల్లి ఉంటే దాన్ని కూడా చూపించాలి. మనిషికి అంటుకున్నప్పుడు ముందుగా కనిపించేది పిల్లిని ఎత్తుకునే ముంజేతుల మీద, మెడ మీద. మీ బాబు మచ్చ సరిగ్గా అక్కడే ఉందని రాశారు.

వుడ్స్ ల్యాంప్ కింద మెరవకపోయినంత మాత్రాన తామర లేదని అనుకోకూడదు. ఈ శిలీంధ్రంలోనే కొన్ని మెరవవు, తామర కలిగించే మిగతా శిలీంధ్రాలలో చాలావరకు అసలే మెరవవు. డాక్టరు కొన్ని వెంట్రుకలు పీకి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అవసరమైతే కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్ళంతా దువ్వి, శిలీంధ్రాన్ని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపుతారు. ఆ ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. చికిత్స నెలల తరబడి సాగుతుంది. నోటి ద్వారా ఇచ్చే మందు, దానికి తోడు ఒంటికి పట్టించే మందు రెండూ ఉంటేనే ఇల్లు శుభ్రపడుతుంది. మచ్చలు మాని వెంట్రుకలు రాగానే మందు మానేయడం అందరూ చేసే పొరపాటు. వెంట్రుకలు వచ్చిన తర్వాత కూడా పిల్లి కొన్ని వారాలు అంటించగలదు. రాలిన వెంట్రుకల్లోని బీజాలు ఏడాదికి పైగా కూడా బతికి ఉంటాయి కాబట్టి, రోజూ తుడవడం, పరుపు గుడ్డలు ఉతకడం, పిల్లిని కొన్నాళ్ళు ఒకే గదిలో ఉంచడం మందుతో సమానమైన పనులే. నేలకు బ్లీచింగ్ ద్రావణం బాగా పలచగా వాడి, ఆరేదాకా పిల్లిని అక్కడ అడుగు పెట్టనివ్వకండి. ఫినాయిల్ మాత్రం వద్దు, ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది.

మందుల దుకాణంలో అడిగితే తామరకని ఒక ట్యూబు ఇస్తారు. మన దేశంలో అమ్మే అటువంటి క్రీములలో అనేకం శిలీంధ్రం మందుకు బలమైన స్టెరాయిడ్‌ను కలిపి చేసినవి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గి మంత్రం వేసినట్టు అనిపిస్తుంది. స్టెరాయిడ్ చర్మం యొక్క ఎదురు పోరాటాన్ని అణచివేస్తుంది కాబట్టి ఆ లోపలే తామర పాకిపోతుంది. ఆ ట్యూబును పిల్లికీ పూయవద్దు, బాబుకూ పూయవద్దు. బాబును చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి, ఇంట్లో పిల్లికి కూడా మచ్చలు ఉన్నాయని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాట వల్ల వారి చికిత్స మారుతుంది.

నడుం మీది పక్కుల విషయానికి వస్తే, మీరే ఇంట్లో ఒక పరీక్ష చేయవచ్చు. తెల్లని టిష్యూ కాగితాన్ని తడిపి నేల మీద పరచి, దాని మీద పిల్లిని నిలబెట్టి, తోక మొదలు దగ్గర పేల దువ్వెనతో దువ్వండి. నల్లటి మిరియపు పొడి వంటి నలుసులు కాగితం మీద పడి, రెండు నిమిషాల్లో వాటి చుట్టూ ఇటుక రంగు మరక వ్యాపిస్తే అది ఫ్లీ పురుగుల మలం. పిల్లి రక్తమే అందులో ఉంటుంది. మట్టి అయితే మరక పాకదు. ఫ్లీ అంటే గోమారి, పిడుదు కాదు. వాటికి భిన్నంగా ఇది ముదురు గోధుమ రంగులో, పక్కలకు నొక్కినట్టు సన్నగా ఉండి, పట్టుకోబోతే ఎగిరి దూకుతుంది. దాని లాలాజలం పడని పిల్లికి ఒకటి రెండు కాట్లు చాలు, నడుం మీద, మెడ చుట్టూ సజ్జ గింజలు అంటించినట్టు పక్కులు లేస్తాయి. పురుగు ఒక్కటి కూడా కనిపించడం లేదే అని చాలామంది వాదిస్తారు. దురద పెట్టిన పిల్లి వాటిని నాకి మింగేస్తుంది కాబట్టి కనిపించవు. ఫ్లీని మింగడం వల్లే కడుపులో బద్దెపురుగు కూడా పడుతుంది. తోక కింద వరి గింజల వంటి ముక్కలు అంటుకొని ఉంటే అవి ఆ పురుగు ముక్కలే.

పిల్లి ఒంటి మీద ఉండేవి పెద్ద పురుగులు మాత్రమే. వాటి గుడ్లు, లార్వాలు, ప్యూపాలు మంచం కింద, చాపల మడతల్లో, పెరట్లో ఇసుక కుప్పలో ఉంటాయి. ప్యూపా గూడులో నెలల తరబడి కదలక ఉండి, దగ్గరలో నడక అలికిడి, ఒంటి వేడి తగలగానే బయటికి వస్తుంది. అందుకే ఒకసారి మందు వేసి రెండు వారాల తర్వాత మళ్ళీ పురుగులు వచ్చాయని మందును తిట్టకూడదు. పిల్లుల కోసమే తయారైన, చర్మం మీద వేసే చుక్కల మందును, పిల్లి బరువుకు తగిన పరిమాణంలో, డాక్టరు చెప్పినన్ని నెలలు క్రమం తప్పకుండా వేయాలి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో గాలిలో తేమ పెరిగి ఫ్లీలు విజృంభిస్తాయి. ఆ నెలలకు ముందే మందు మొదలుపెట్టడం నేను అందరికీ చెప్పే సలహా.

వీధి పిల్లులతో కలిసి తిరిగే పిల్లులకు వచ్చే మరొక రోగం గజ్జి. చెవుల అంచుల మీద మొదలై, నుదురు, ముఖం, మెడ దాకా మందమైన బూడిద రంగు పక్కులు కడతాయి. చర్మం ముడతలు పడి పిల్లి ముసలిదానిలా కనిపిస్తుంది, దురద మాత్రం భరించలేనంత ఉంటుంది. చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే పురుగు దొరుకుతుంది, సరైన మందుతో కొద్ది వారాల్లో మానిపోతుంది. దీనికి ఆవులకు, గొర్రెలకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిమందును తెచ్చి సొంతంగా వేసేవారు పలమనేరు, పుంగనూరు వైపు నాకు తరచుగా తారసపడేవారు. పాడి ఉన్న ఇళ్ళలో ఆ సీసా దొరుకుతుంది మరి. 3 కిలోల పిల్లికి సరిపోయే మోతాదు ఆ సీసా మందులో మిల్లీలీటరులో పదో వంతు కూడా ఉండదు. కంటి అంచనాతో వేస్తే చిన్న పిల్లులు చూపు పోయి, మత్తులోకి జారిపోతాయి.

చెవిలో కాఫీ పొడి వంటి నల్లటి గులిమి పేరుకొని, పిల్లి తల విదిలిస్తూ ఉంటే అది చెవి పురుగు. నూనె పోయకండి, చూపించండి. గడ్డం కింద నల్లటి చుక్కలు ఉంటే ప్లాస్టిక్ గిన్నె మార్చి స్టీలు గిన్నె పెట్టి, రోజూ కడిగి, రెండు వారాలు చూడవచ్చు. వాచి చీము పడితేనే డాక్టరు అవసరం.

వెంట్రుకలు ఊడటం అన్నిసార్లూ చర్మ రోగం కాదు. పొట్ట, తొడల లోపలి భాగం నున్నగా, చర్మం మాత్రం శుభ్రంగా ఉంటే, అక్కడి వెంట్రుకలు ఊడలేదు, పిల్లి నాకి కొరికి తీసేసింది. గోకడం మేము ఎప్పుడూ చూడలేదని అంటారు. పిల్లి ఈ పని చాటుగా, రాత్రిపూట చేస్తుంది. వేలితో ఎదురుగా రాస్తే విరిగిన మొనలు గరుకుగా తగులుతాయి. అలర్జీ, ఫ్లీలు, మూత్రాశయం నొప్పి, చివరగా ఇంట్లో మార్పుల వల్ల కలిగే బెదురు దీనికి కారణాలు కావచ్చు. మానసికం అని తేల్చే ముందు మిగతావన్నీ చూడాలి. అలర్జీ ఆహారం వల్లనేమో అని అనుమానం వస్తే, అదివరకు ఎన్నడూ తినని ఒకే రకం మాంసంతో కనీసం ఎనిమిది వారాలు పెట్టి చూడటమే మార్గం, దీనికి నమ్మదగిన రక్త పరీక్ష ఏదీ లేదు. దురద తగ్గడానికి దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ సూది ఒకసారి వేస్తే తప్పు లేదు. రోగం పేరు చెప్పకుండా అదే సూదిని నెల నెలా వేస్తుంటే మాత్రం ఎందుకని అడగండి. పదే పదే స్టెరాయిడ్ పడిన పిల్లులకు మధుమేహం వచ్చే అవకాశం ఉంది.

మన తిరుపతిలో మాంసం వండని ఇళ్ళు చాలానే ఉన్నాయి. పాలు, పెరుగన్నంతో పెరిగే పిల్లి బొచ్చు కాంతి తగ్గి, చుండ్రు పట్టి, గాయాలు ఆలస్యంగా మానడం నేను ఎన్నో ఇళ్ళలో చూశాను. పిల్లి శరీరం టారిన్ అనే పోషకాన్ని చాలినంత తయారుచేసుకోలేదు, క్యారెట్ వంటి వాటిలోని పదార్థాన్ని విటమిన్ ఎ గా మార్చుకోలేదు, అవి మాంసాహారం నుంచే రావాలి. ఇంట్లో వండటం ఇష్టం లేకపోతే పిల్లుల కోసం తయారైన ప్యాకెట్ ఆహారం పెట్టండి, దాని వల్ల మీ వంటింటి నియమం ఏమీ చెడదు. మాంసం పెట్టేవారు ఉప్పు, మసాలా, ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించాలి. ఆ రెండూ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

తెల్లపిల్లులు ఉన్నవారికి ఒక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట చంద్రగిరి వైపు నుంచి ఒక తెల్లపిల్లిని తెచ్చారు. చెవి కొస మీద మానని చిన్న పక్కు ఉంది. దెబ్బ తగిలిందని నేను ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపాను. నెల తర్వాత తెచ్చినప్పుడు చెవి అంచు తినేసినట్టు అయింది. పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది, చెవి కొస తీసేయవలసి వచ్చింది. ఆ నెల ఆలస్యం నా పొరపాటే. మన ఏప్రిల్, మే ఎండలు పడే తెల్లని చెవులు, ముక్కు మీద మూడు వారాలు దాటినా మానని పుండు ఉంటే, ఆయింట్‌మెంటుతో సరిపెట్టే డాక్టరును, అది నేనైనా సరే, ముక్క తీసి పరీక్షకు పంపమని అడగండి.

ఆ రోజే వెళ్ళవలసిన పరిస్థితులు వేరు. మగ పిల్లులు కొట్లాడుకున్న తర్వాత చెంప మీదో తోక మొదట్లోనో పంటి గాటు పైకి పూడుకుపోయి, రెండు మూడు రోజుల్లో లోపల చీముగడ్డ అవుతుంది. పిల్లి జ్వరంతో తిండి మానేస్తుంది. గాయంలో పురుగులు పడితే ఒక రాత్రి ఆగినా లోతు పెరుగుతుంది. పశువుల పుండుకు పోసినట్టు టర్పెంటైన్ పోయకూడదు. ముఖం, కనురెప్పలు ఒక్కసారిగా వాచినా, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నా, సొంగ కారుస్తూ తూలుతున్నా, చర్మం లేదా కళ్ళు పచ్చబడినా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా అదే రోజు చూపించాలి. రెండు నెలలు నిండని కూన ఒంటి మీద ఫ్లీలు ఎక్కువగా ఉంటే చిగుళ్ళు చూడండి. అవి పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం తగ్గిపోయిందని అర్థం, అటువంటి కూనలు ఒక్క రోజులో పోతాయి. ఇంట్లో చంటిబిడ్డ, గర్భిణి, కీమోథెరపీ తీసుకుంటున్నవారు ఉన్నప్పుడు చిన్న మచ్చనైనా ఆలస్యం చేయకూడదు. మందు పూసేటప్పుడు పిల్లి గీరినా కరిచినా, ఆ చోటును 15 నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, రేబీస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళండి.

తిరుపతిలో మీకొక వెసులుబాటు ఉంది. 1955లో మొదలైన పశువైద్య కళాశాల, దాన్ని కలుపుకొని 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఊళ్ళోనే ఉన్నాయి. దాని బోధనాసుపత్రిలో పెంపుడు జంతువులను చూస్తారు. మిగతా ఊళ్ళలో ప్రభుత్వ పశువైద్యశాలకు ఎక్కువగా వచ్చేవి ఆవులు, గొర్రెలు కాబట్టి పిల్లిని చూసి పైపైన మందు రాసి పంపే అవకాశం ఉంది. చర్మం గీకి చూస్తారా, వెంట్రుకలు పరీక్ష చేస్తారా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

వెళ్ళే ముందు స్నానం చేయించకండి, పైన చెప్పిన పేల దువ్వెన పరీక్షకు తప్ప దువ్వకండి, మచ్చ మీది పొట్టు గీకకండి. ఇప్పటికే రాసిన నూనె, పసుపు ఉన్న చోటును మెత్తని తడి గుడ్డతో ఒకసారి తుడిచి వదిలేయండి. అప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది అన్నది తెలిసేలా మీ ఫోనులో నెల కిందటి ఫోటోలు ఉంటే చూపించండి. ఇంతవరకు ఏమేమి పూశారో, తిట్టినా సరే, దాచకుండా చెప్పండి. మూత ఉన్న బుట్టలో, మీ పాత చీర ముక్క ఒకటి అడుగున వేసి తీసుకెళ్ళండి. ఆ ముక్కను ఇంటికి రాగానే వేడినీళ్ళలో ఉతకండి. బాబును మాత్రం పిల్లితో పాటు తీసుకెళ్ళి ఒడిలో కూర్చోబెట్టుకోవద్దు, రెండు ఆసుపత్రులకూ విడివిడిగా వెళ్ళండి.